అప్‌డేట్: కోవిడ్ డ్యూటీ డాక్టర్లలో కుంగుబాటును పసిగట్టడం

దీన్ని ముందే ఎలా కనిపెట్టాలని అడిగాను కదా, మీ సలహాలతో ఖరారైంది ఇదీ. రెండు వారాలకోసారి పీహెచ్‌క్యూ-9 (కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3). గరిష్ఠ స్కోరు 27. 10 గానీ ఆపైన గానీ వస్తే సైకియాట్రిస్టు మాట్లాడతారు.

చిక్కంతా పేరు దగ్గరే. ఫారం మీద పేరు రాయమంటే హెచ్‌ఓడీ (విభాగాధిపతి) చూస్తారని అందరూ సున్నాలే పెడతారు. అసలు పేరే వద్దంటే 9వ ప్రశ్నకు (చనిపోతే బాగుండునన్న ఆలోచనలు) 'ఉన్నాయి' అన్నవాళ్లెవరో తెలీదు. అందుకే కోడ్ నంబర్లు. ఏ కోడ్ ఎవరిదో తెలిపే జాబితా వార్డుతో సంబంధం లేని సైకియాట్రిస్టు దగ్గరే ఉంటుంది. 9వ ప్రశ్నకు 1 పెట్టినా, మొత్తం ఎంతైనా సరే, అదే రోజు ఫోన్.

డ్యూటీ దిగగానే అందర్నీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే డీబ్రీఫింగ్ తీసేశాం. అలా ఒక్కసారి చెప్పించినంత మాత్రాన పీటీఎస్‌డీ (భయంకర అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్య) ఆగదు, కొందరికి ముదరొచ్చు కూడా. ఇక యోగా పోస్టర్లు పెట్టాలంటారా, ముందు డ్యూటీ రోస్టర్‌లో నిద్రకు చోటిచ్చాక చూద్దాం.