సిమిలిగుడ చలిలో ముసలి కుక్కను రాత్రిపూట వెచ్చగా ఉంచడం ఎలా?

ప్రశ్న — బొబ్బిలి నుంచి వచ్చినవాణ్ణి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఈ ఏడాది జూన్‌లో బొబ్బిలి నుంచి ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సిమిలిగుడకు కాపురం మార్చాము. మాతోపాటు చుక్కి అనే పదకొండేళ్ళ నాటు ఆడకుక్క కూడా వచ్చింది. దానిది పొట్టి బొచ్చు, సన్నని ఒళ్ళు. బొబ్బిలిలో సంక్రాంతి చలికి కూడా అరుగు మీద ఒక గోనెపట్టా వేస్తే దానికి సరిపోయేది. ఈ ఊరు దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్నదని, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కగానే గాలి తీరే వేరని ముందే విన్నాను గాని, డిసెంబరు మొదటి వారానికే ఇంత చలి ఉంటుందని ఊహించలేదు.

ఇప్పుడు చుక్కి మా వరండాలో పడుకుంటుంది. వరండాకు మూడు వైపుల గోడ, నాలుగో వైపు ఇనుప గ్రిల్, కింద సిమెంటు గచ్చు, పైన రేకులు. రాత్రి రెండు రగ్గులు కప్పి వస్తున్నాను. తెల్లవారుజామున మూడింటికి అది వణుకుతూ తలుపు గీరుతుంది. వెళ్ళి చూస్తే రగ్గులు ఒక మూలన పడి, చేత్తో తాకితే తడితడిగా ఉంటున్నాయి. పొద్దున లేవగానే వెనక కాళ్ళు పట్టేసినట్టు నాలుగడుగులు కుంటి, ఎండ తగిలాక మామూలుగా నడుస్తుంది.

దాన్ని ఇంట్లోకి తెచ్చుకునే వీలు లేదు. మా అత్తగారికి మడి ఆచారం ఉంది, దేవుడి గది వంటింటిని ఆనుకునే ఉంది. ఈ విషయంలో ఆవిడ మనసు కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదు కనుక, వరండాలోనే ఏమి చేయవచ్చో చెప్పండి. రూమ్ హీటర్ కొనమని ఒకరు, బొగ్గుల కుంపటి పెట్టమని ఇంకొకరు అంటున్నారు. ఇక్కడి కిరాణా కొట్టు ఆయన పడుకునే ముందు చెంచాడు బ్రాందీ పట్టించి, ఒంటికి ఆవనూనె రాయమన్నాడు. ఏది చేయాలో తెలియడం లేదు.

జవాబు 1 — పొట్టంగి వాసి

మీరు పైన కప్పడం మీద శ్రద్ధ పెట్టి కింద పరచడం మరిచిపోయారని నాకు అనిపిస్తోంది. కుక్క పడుకున్నప్పుడు ఒంటి కింది బొచ్చు దాని బరువుకే అణిగిపోతుంది కాబట్టి అందులో గాలి నిలవదు, అందువల్ల పొట్టలోని వేడి నేరుగా సిమెంటులోకి దిగిపోతుంది. పైన ఎన్ని రగ్గులు కప్పినా ఆ నష్టం ఆగదు.

ముందుగా దాన్ని గచ్చు మీద నుంచి లేపండి. పాత నులక మంచం ఉంటే కాళ్ళు కోయించి జానెడు ఎత్తుకు దించవచ్చు. అయితే మంచం కింద నుంచి కూడా గాలి వీస్తుంది కనుక, నులక మీద మందపాటి బొంత తప్పకుండా పరవాలి. మంచం లేకపోతే నాలుగు ఇటుకలు, ఒక చెక్క పలక చాలు. మా ఇంట్లో రెండు కుక్కలు తొమ్మిదేళ్ళుగా ఇలాగే చలికాలాలు గడుపుతున్నాయి.

జవాబు 2 — జయపురం, పశువైద్యశాలలో పనిచేసి రిటైరైనవాణ్ణి

పొట్టంగి వారు చెప్పింది అసలైన మాట. దానికి మరికొన్ని విషయాలు చేరుస్తాను. కొంచెం పెద్దగా రాస్తున్నందుకు మన్నించండి. ముసలి జీవం కాబట్టి క్లుప్తంగా చెప్పి ఊరుకోలేను.

రగ్గులు తడిగా ఉంటున్నాయన్నారు. మన కొండల మీద శీతాకాలపు రాత్రి రేకుల కప్పు చల్లబడి లోపలి వైపు చెమరుస్తుంది, ఆ నీరు చుక్కలుగా కింద పడుతుంది. దానికి గ్రిల్ లోంచి వచ్చే పొగమంచు తోడవుతుంది. గుడ్డ ఆ తేమనంతా పీల్చుకుంటుంది, తడిసిన గుడ్డ కప్పుకోవడం కన్నా ఏమీ కప్పుకోకపోవడమే మేలు. అందుకే ఆరుబయట పడుకునే జంతువుకు గడ్డిని మించిన పరుపు లేదు. గడ్డిపోచలు లోపల బోలుగా ఉంటాయి, పోచకూ పోచకూ మధ్య కూడా గాలి నిలుస్తుంది, పైన పడ్డ తేమ అడుగుకు జారిపోతుంది. కుక్క తనంతట తానే గుండ్రంగా తిరిగి అందులో గూడు చేసుకుంటుంది. కుందులి శుక్రవారం సంతకు వచ్చే రైతులను అడిగితే వరిగడ్డి దొరుకుతుంది. దాన్ని గోనెసంచిలో కుక్కి కుట్టకండి, అలా చేస్తే అణిగి గట్టిపడుతుంది. చెక్కపెట్టెలో జానెడు మందాన వదులుగా వేయండి. వారానికొకసారి తీసి ఎండబెట్టండి, చెమ్మ పట్టి బూజు వాసన వస్తే పారేసి కొత్తది వేయండి. పాత గడ్డిలో పిడుదులు, పురుగులు చేరతాయి కనుక దీనికి బద్ధకించవద్దు.

పెట్టె పెద్దదిగా ఉంటే బాగుంటుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. కుక్క ఒంట్లోని వేడే ఆ పెట్టెకు పొయ్యి. లోపల నిలబడి, ఒకసారి తిరిగి, ముడుచుకుని పడుకునేంత చోటు మాత్రమే ఉండాలి. గది అంత పెట్టె చేయిస్తే ఆ వేడి చెదిరిపోతుంది. శీతాకాలంలో మనకు గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి ద్వారం దక్షిణానికి గాని ఆగ్నేయానికి గాని పెట్టి, పైనుంచి గోనెపట్టా తెరలా వేలాడదీయండి. పూర్తిగా మూసేస్తే కుక్క వదిలే ఊపిరి వల్లనే లోపల చెమ్మ చేరుతుంది.

బ్రాందీ సలహాను అక్కడే వదిలేయండి. సారా తాగితే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని పైకి వెచ్చగా అనిపిస్తుంది గాని, నిజానికి ఒంట్లోని వేడి ఇంకా త్వరగా బయటికి పోతుంది. పైగా కుక్కకు అది విషంతో సమానం. ఆవనూనె వల్ల కూడా మేలు లేదు. బొచ్చు ఒంటికి అతుక్కుపోయి, మధ్యలో నిలవాల్సిన గాలి నిలవదు.

వెనక కాళ్ళు పట్టేయడం చాలా వరకు ముసలితనపు కీళ్ళ అరుగుదలే కావచ్చు, చలికి అది బయటపడుతుంది. ఆ నొప్పికి ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం ఇవ్వకండి. మనం వాడే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ కుక్కల కాలేయాన్ని, కడుపును, మూత్రపిండాలను పాడుచేయగలవు. మరో సంగతి కూడా ఉంది: వణుకు ప్రతిసారీ చలి వల్లనే రాదు, నొప్పికి వణుకుతుంది, జ్వరానికీ వణుకుతుంది. ముక్కును, చెవులను తాకి చూసి తేల్చుకోవద్దు. డిజిటల్ థర్మామీటరుకు కాస్త కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూడండి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. 99కి దిగితే చలి లోపలికి పట్టిందని అర్థం. అప్పుడు కాళ్ళు రుద్దుతూ కూర్చోకుండా, గోరువెచ్చని నీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి ఛాతీకి, పొట్టకు ఆనించి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. బాగా వణికిన కుక్క వణుకు ఆపి మత్తుగా పడి ఉంటే నెమ్మదించిందని సంతోషించకూడదు. వణకడానికి కూడా దానికి సత్తువ లేదన్నమాట.

ఇనుప పెట్టెలోంచి తీసిన పాత రగ్గుల్లో కలరా ఉండలు వేసి ఉంటే వాటిని రెండు మూడు రోజులు ఎండలో వేసి, ఉతికి ఆరబెట్టాకే కుక్కకు వాడండి. ఆ ఉండలు నోట్లో పడితే ప్రాణాపాయం.

జవాబు 3 — బల్లార్షా తెలుగువాణ్ణి

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా. మీ కొండల చలి మాకు ఉండదు గాని, జనవరి రాత్రులు మాకూ గట్టిగానే ఉంటాయి. నేను ఒక్క కుంపటి గురించే చెప్పాలనుకుంటున్నాను.

బొగ్గు గనుల ప్రాంతం కావడంతో మా వైపు చలికి ఇంటి ముందు సిగిడీ, అంటే బొగ్గుల కుంపటి, వెలిగించడం అలవాటు. కొన్నేళ్ళ క్రితం మా కుక్క ఈనితే, పిల్లలకు చలి తగులుతుందని వరండాకు చుట్టూ టార్పాలిన్ కట్టి, పొగ పోయి నిప్పులు కణకణలాడుతున్న సిగిడీని లోపల పెట్టాను. పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదనుకున్నాను. రెండు గంటల తర్వాత చూస్తే తల్లి లేవబోయి తూలిపోతోంది. నాలుగు పిల్లల్లో ఒకటి అప్పటికే పోయింది. మిగిలిన వాటిని ఆరుబయటికి తెచ్చాక, గాలి తగిలి మెల్లగా తేరుకున్నాయి. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన, రంగు ఉండవని నాకు తర్వాత తెలిసింది. మూసిన చోట కుంపటి కుక్కకే కాదు, మీకూ ప్రమాదమే. తెరిచిన చోట పెడితే వేడి నిలవదు. కనుక ఏ విధంగా చూసినా అది పనికిరాదు.

పొయ్యిలో పిల్లి లేవలేదనే మాట మనకు ఉండనే ఉంది. కుక్కలకూ ఆ బుద్ధి ఉంది. భోగిమంట ఆరాక ఆ బూడిదలో ముడుచుకోవాలని చూస్తాయి. పైకి చల్లారినట్టున్నా అడుగున నిప్పు ఉంటుంది. ఆ ఒక్క రోజు చుక్కిని కట్టి ఉంచండి.

జవాబు 4 — సునాబెడ నుంచి

పై వారందరూ చెప్పినవాటితో నేను ఏకీభవిస్తున్నాను. అయితే స్వెటర్ గురించి ఎవరూ చెప్పలేదు. ఒత్తు బొచ్చున్న పొమరేనియన్‌కు, జర్మన్ షెపర్డ్‌కు దాని అవసరం లేదు గాని, పొట్టి బొచ్చున్న ముసలి నాటు కుక్కకు అది నిజంగా పనికివస్తుంది. కొన్నది చాలా వరకు సరిపోదు. పాత ఉన్ని స్వెటర్ చేతులు కత్తిరించి, ముందు కాళ్ళు దూరేలా చేసి తొడగండి. పొట్ట కింద మూత్రం తగలకుండా వెనక వైపు కురచగా ఉంచండి. మెడ దగ్గర రెండు వేళ్ళు సులువుగా దూరాలి. పగలు తీసేయండి, తడిస్తే వెంటనే తీసేయండి.

హీటర్ విషయంలో నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో కుక్క దాని తీగను కొరికింది, అదృష్టవశాత్తు అప్పుడు కరెంటు లేదు. అదీగాక గ్రిల్ ఉన్న వరండాలో హీటర్ పెట్టడమంటే ఊరందరి కోసం కరెంటు బిల్లు కట్టడమే. ఆ గ్రిల్‌కు గాలి వచ్చే వైపు మందపాటి ప్లాస్టిక్ పట్టా కట్టి, పైభాగాన మూరెడు ఖాళీ వదలండి.

తిండి గురించి కూడా ఒక మాట. సాయంత్రపు భోజనాన్ని కాస్త ఆలస్యంగా, ఎనిమిది ప్రాంతంలో, గోరువెచ్చగా పెట్టండి. ఇక్కడివాళ్ళు మాండియా అనే మన చోళ్ళ (రాగుల) జావలో, ఉల్లిపాయ వేయని కోడిమాంసపు ఉడుకునీళ్ళు కలిపి నేను పెడుతుంటాను. పదింటికి ఒకసారి బయటికి తిప్పి తీసుకురండి. ముసలి కుక్క రాత్రి ఆపుకోలేక పక్క తడిపిందంటే మిగిలిన ఏర్పాట్లన్నీ వృథా.

మళ్ళీ ప్రశ్న అడిగినవాణ్ణి

ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల తర్వాత సంగతి చెబుతున్నాను.

సామాను వచ్చిన చెక్కపెట్టె ఒకటి ఉంటే వడ్రంగి చేత ఒక పక్క కోయించి, ఇటుకల మీద పెట్టి, ద్వారం దక్షిణానికి తిప్పాను. కుందులి సంతలో వరిగడ్డి దొరికింది. మొదటి రెండు రాత్రులు చుక్కి లోపలికి పోకుండా పెట్టె బయటే పడుకుని నన్ను విసిగించింది. నేను వాడిన పాత తువ్వాలు లోపల వేశాక మూడో రాత్రి తానే దూరింది. జ్వరం చూశాను, 101.4 ఉంది. కాళ్ళ విషయమై పశువైద్యుడికి చూపించాను. కీళ్ళ అరుగుదలేనని చెప్పి, కుక్కలకు ఇచ్చే మందు రాసి, బరువు పెరగనివ్వవద్దన్నారు. ఇప్పుడు మూడింటికి తలుపు గీరడం లేదు.

మా అత్తగారు గడప దాటనివ్వలేదు గాని, పెట్టె ద్వారానికి నేను కట్టిన గోనెపట్టా చూసి, అది గాలికి లేచిపోతుందని, తన పాత చీరలతో కుట్టిన బొంతను రెండు ముక్కలు చేసి, అడుగున ఇసుక మూటలు కట్టి ఇచ్చారు. ఆ ఆలోచన నాకు రాలేదు.

ఒక్క సందేహం మిగిలింది. స్నానం చేయించి నెల దాటింది, ఒళ్ళు వాసన వస్తోంది. ఈ చలిలో స్నానం చేయించవచ్చునా?

జవాబు — జయపురం, పశువైద్యశాలలో పనిచేసి రిటైరైనవాణ్ణి

సంక్రాంతి దాటే వరకు ఆగితే మంచిది. తప్పదనుకుంటే బాగా ఎండ కాసిన రోజున పదకొండు, పన్నెండు మధ్య గోరువెచ్చని నీళ్ళతో చేయించి, బొచ్చు మొదళ్ళ దాకా తుడిచి, మూడింటి వరకు ఎండలోనే ఉంచండి. అంతవరకు గోరువెచ్చని నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, దువ్వెనతో దువ్వితే సరిపోతుంది. ఇసుక మూటలు మాత్రం చుక్కి కొరికి చింపకుండా చూసుకోండి.