లావెక్కిన లాబ్రడార్‌కి బిస్కెట్ బదులు ఏం పెడుతున్నారు?

కడప_లాబ్: మా వాడికి ఏడేళ్లు, 41 కిలోలు. ఎనిమిది కిలోలు తగ్గకపోతే కీళ్లు పోతాయని డాక్టర్ గారు బిస్కెట్లు మాన్పించారు. సాయంత్రం టీ తాగేటప్పుడు కాళ్ల దగ్గర కూర్చుని అట్లే చూస్తుంటాడు, నాకు గొంతు దిగడం లేదు. క్యారెట్, దోసకాయ, కళింగర (పుచ్చకాయ), జామ, చీనీ (బత్తాయి) వీటిలో ఏవి పెట్టొచ్చు? రోజుకి ఎంత? పచ్చివా, ఉడికించా?

కోడూరు_తోట: ఏదైనా పెట్టండి గానీ మామిడి టెంక మాత్రం దొరకనివ్వకండి. పోయిన మే నెలలో మా జూలీ మింగేసింది. రెండు రోజులు వాంతులు చేసుకుంటే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించాం. మూడో రోజు పొట్ట ముట్టుకోనివ్వలేదు. తిరుపతికి తీసుకెళ్తే పేగులో ఇరుక్కుందని ఆపరేషన్ చేశారు. ఆ టెంక తెచ్చి నా చేతిలో పెట్టారు. పీచంతా పోయి గులకరాయిలా నున్నగా ఉంది. ఇప్పుడు కాయ కోస్తే టెంకలన్నీ నేనే గుంత తీసి పూడుస్తున్నా.

అనంత_చీనీ: చీనీ తొక్క, గింజలు వద్దన్నా. తొన ఒకటి తింటే ఏం కాదు, కానీ చాలా కుక్కలు వాసనకే పారిపోతాయి. మా దానికి కర్బూజ అంటే ప్రాణం.

కర్నూలు_నాటు: ఇదంతా కొత్తగా వచ్చిన టెన్షన్. మా ఇంట్లో మూడు తరాలుగా సంగటి, పప్పు, పులుసు, ఏది మిగిలితే అది. ఎర్రగడ్డ (ఉల్లిపాయ) లేకుండా మా జిల్లాలో ఏ కూర వండుతారు? ఒక్క కుక్కకీ ఏం కాలేదు.

డాబర్‌మన్_19ఏళ్లు: పంతొమ్మిదేళ్లుగా డాబర్‌మన్‌లు పెంచుతున్నా, ఎన్ని ఈతలు చూశానో లెక్కలేదు. ఎర్రగడ్డ కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. తెల్లగడ్డ (వెల్లుల్లి) ఇంకా ఘాటు. తెలియకపోతే ఊరుకోవాలి, నలుగురికీ చెప్పకూడదు.

కర్నూలు_నాటు: నేనూ తెలుసుకునే మాట్లాడుతున్నా. కుక్క బరువు కిలోకి 15 నుంచి 30 గ్రాముల ఎర్రగడ్డ తింటే రక్తంలో తేడా వస్తుందంటారు. మా ఇరవై కిలోల కుక్క 300 గ్రాములు తినాలి. పప్పులో రెండు ముక్కలకి ఇంత గోలా?

డాబర్‌మన్_19ఏళ్లు: అది ఒక్కసారిగా తింటే లెక్క. రోజూ కొంచెం కొంచెం పోతే? మీ కుక్కలు పోయినప్పుడు ఒక్కదానికైనా రక్తపరీక్ష చేయించారా?

కర్నూలు_నాటు: మాట జాగ్రత్త. మా రాజు పదమూడేళ్లు నాతో పాటు పొలంలో పడుకున్నాడు. వాణ్ణి నేను చంపానంటున్నావా?

ధర్మవరం_అమ్మ: అన్నా, కోపం వద్దు, నాకు జరిగింది చెప్తా. మా చిన్నది ఆరు కిలోల పొమేరియన్. పండక్కి చేసిన ఎర్రగడ్డ పకోడీలు ప్లేటంతా ఖాళీ చేసింది. ఆ రోజు బాగానే ఉంది, అందుకే మర్చిపోయాం. నాలుగో రోజు మెట్టు ఎక్కలేకపోయింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, ఉచ్చ డికాషన్ రంగులో పోసింది. రక్తం ఎక్కించాల్సి వచ్చింది. వెంటనే తెలియదు, అదే దీంట్లో భయం.

కర్నూలు_నాటు: ఇది నాకు తెలియదమ్మా. ఈ రోజు నుంచి ఎర్రగడ్డ వేయకముందే దానికి పప్పు తీసిపెడతాం. కానీ ఆ పెద్దమనిషి మాట్లాడిన తీరు బాగాలేదు.

తాడిపత్రి_విను: పులుసు అన్నారు కాబట్టి చెప్తున్నా. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలు పాడు చేస్తాయి, ఏ కుక్కకి ఎన్ని పండ్లతో ప్రమాదమో ముందుగా చెప్పలేం. దానికి టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు చెప్పారు. చింతపండులోనూ అదే ఉంటుంది. మేం చారన్నం, పులిహోర పూర్తిగా మానేశాం.

కోడూరు_తోట: పులిహోర మా ఇంట్లో ప్రతి శనివారం పెట్టేవాళ్లం. అమ్మకి చెప్పాలి.

పత్తికొండ_రైతు: రేటు లేనప్పుడు మేం రోడ్డు పక్కన పారబోసే టమాటాలు వీధికుక్కలు తింటుంటాయి. బాగా పండినవైతే పర్వాలేదు, పచ్చికాయలు, ఆకులు మంచివి కావు. ఆ పారబోసేది చూస్తే మాకే కడుపు తరుక్కుపోతుంది.

అనంత_చీనీ: మా దగ్గర బుడ్డలు (వేరుశనగ) కూడా అంతే అన్నా. బూజు పట్టినవి కుక్కకి పడేస్తారు, ఆ బూజు విషం నేరుగా లివర్‌కే కొడుతుంది.

కడప_లాబ్: అందరికీ దండాలు. కానీ రోజుకి ఎంత అని ఎవరూ చెప్పలేదు.

ధర్మవరం_అమ్మ: సారీ అన్నా. చిరుతిళ్లన్నీ కలిపి రోజు తిండి కేలరీల్లో పదో వంతు దాటకూడదు, ఆ మేరకు అన్నం తగ్గించాలి. మీ వాడికి క్యారెట్, దోసకాయ, ఉప్పు లేకుండా ఉడికించిన బీన్స్ మంచివి. చేదు దోసకాయ వద్దు, కొన చీకి చూసి పెట్టండి. గెనుసుగడ్డ (చిలగడదుంప), అరటిపండు లావు చేస్తాయి. కళింగర గింజలు, తొక్క తీసేసి ముక్కలు ఐస్ ట్రేలో గడ్డకట్టించండి, ఈ ఎండలకి బాగుంటుంది.

కడప_లాబ్: ఇప్పుడే క్యారెట్ ముక్క ఇచ్చా. నోట్లో పెట్టుకుని మంచం కిందికి పోయి దాచి వచ్చాడు, మళ్లీ బిస్కెట్ డబ్బా వైపే చూస్తున్నాడు. డబ్బా పక్కింటికి ఇచ్చేస్తున్నా. రేపు కళింగర తెస్తా.