ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకల్లో మగవి వెంటపడుతున్నా ఆడవి ఒప్పుకోవడం లేదు, ఎందుకు?

జిల్లేడుపొద:
జిల్లేడు మీద పెరిగిన ప్లెయిన్ టైగర్లు. మూడడుగుల దోమతెర గూడు. ప్యూపాల్లోంచి బయటికొచ్చి నాలుగు రోజులు. మగవి మూడు, ఆడవి రెండు. మగవి వెంటపడతాయి, ఆడవి తప్పుకుంటాయి. ఎండా, తేనెపూలూ ఉన్నాయి. ఇంకేం తక్కువండీ?

రెక్కపొడి:
ముందు మగవేనా అని చూడండి. వెనక రెక్క నడిమిభాగంలో నల్లచుక్కలు ఆడదానికి మూడు, మగదానికి నాలుగు. ఆ నాలుగోది ఉత్త చుక్క కాదు, వాసన సంచి.

మగవే అయితే లోటు వాసనలోనే. ఆడదాన్ని ఒప్పించేది డనైడోన్ అనే వాసన పదార్థం. దానికి ముడిసరుకు పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే మొక్కల విషాలు. జిల్లేడు పాలలోని విషం వేరే రకం, దాంతో ఈ పని జరగదు. నాగదంతి (హీలియోట్రోపియం), గిలిగిచ్చ, జనుము లాంటివి కావాలి. అదీ గొంగళిగా ఉన్నప్పుడు కాదు, రెక్కలొచ్చాక. మగది వాడిన కాడల మీద వాలి, తొండంతో తడిపి, కరిగిన రసాన్ని పీల్చుకుంటుంది.

నాగదంతిని వేళ్లతో సహా పీకి రెండు రోజులు నీడలో వాడబెట్టండి. పిడికెడు కట్ట కట్టి గూట్లో వేలాడదీయండి. పొద్దున్నే కాసిని నీళ్లు చిలకరిస్తే చాలు, ముద్దగా తడిపితే బూజు పడుతుంది. పురుగుమందు కొట్టిన చేనుగట్టు మొక్క అసలొద్దు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, కట్టను మేకలకు అందనివ్వకండి. కాలేయానికి చేటు.

జనుమచేను:
ఒకటి కలుపుతా. రసం పీల్చగానే వాసన తయారైపోదు. పొట్ట చివర లోపలికి ముడిచి ఉండే రెండు వెంట్రుక కుచ్చుల్ని మగది బయటికి తీసి రెక్క సంచుల్లో దూర్చాలి. ఆ తాకిడి లేకపోతే డనైడోన్ పుట్టదు. కట్ట పెట్టిన పూటే ఫలితం రాలేదని మార్చేయకండి.

జిల్లేడుపొద:
వాసన లేకపోతే జత అసలు కట్టవా?

జనుమచేను:
అసలు కట్టవని కాదు, బాగా తగ్గుతుంది. దీని దగ్గరి చుట్టం క్వీన్ అనే సీతాకోకచిలుక మీద అమెరికాలో 1960లలోనే పరీక్షించారు. అందులో మగది గాల్లోనే ఆడదాన్ని దాటి ముందుకెళ్లి, కుచ్చులు విప్పి దాని మీసాల మీద పొడి రాలుస్తుంది. పొడిలో డనైడోన్‌తో పాటు అంటుకునే జిగురూ ఉంటుంది. ఆడది ఆకు మీద వాలాక ఇంకోసారి దువ్వుతుంది. అది రెక్కలు మూస్తేనే జత. మూడడుగుల్లో ఆ వెంబడింపుకి చోటేదీ? ఆరడుగులైనా చెయ్యండి.

రెక్కపొడి:
మోనార్క్ అనే ఇంకో చుట్టం పెంపకం సూచనలు మాత్రం చూసి చెయ్యకండి. దాని మగది వాసన మీద పెద్దగా ఆధారపడదు, ఆడదాన్ని గాల్లోనే పట్టి కిందికి దించుతుంది. క్వీన్ ఆడదానికైతే వాసన చూడటంలో లాభముంది. జతలో మగది వీర్యంతో పాటు ఆ ఆల్కలాయిడ్లనూ ఇస్తుంది, అవి గుడ్లలోకి చేరతాయి.