ఆఫీసు ఉద్యోగం మానేసి నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరాలా, వద్దా?

ఎక్సెల్ ఖైదీ:
చాలా ఏళ్లుగా అకౌంట్స్‌లో ఉన్నాను. జీతానికి ఢోకా లేదు, పని కూడా బ్రహ్మాండమైన కష్టమేం కాదు, కానీ నెలాఖరు రిపోర్టు పంపాక దాన్ని ఎవరైనా తెరిచి చూస్తారా అన్న అనుమానం మాత్రం ఎప్పటికీ తీరదు. మా అత్తగారు మంచాన పడినప్పుడు ఆవిడ పనులన్నీ నేనే చూశాను, విచిత్రంగా ఆ పని నాకు నచ్చింది. నర్సింగ్ చదవాలంటే ఏళ్లు పడుతుంది కాబట్టి ముందు అసిస్టెంట్‌గా చేరి, కుదిరితే తర్వాత చదువుదామని ఆలోచన. జీతం ఇప్పటిదాంట్లో సగం కూడా రాదు. ఇంట్లో మతి పోయిందా అంటున్నారు. చేసినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

వార్డు మనిషి:
అత్తగారికి చేశారంటే సగం భయం పోయినట్టే. కానీ ఇంట్లో ఉన్నది ఒక్కరు, వార్డులో ఒకరికి ఒళ్లు తుడుస్తుంటే ఇంకో ఇద్దరు బెల్ కొడుతుంటారు. మందులు, ఇంజెక్షన్లు మన చేతికి ఇవ్వరు. స్నానం, తిండి, బెడ్‌పాన్, దుప్పట్లు మార్చడం, బీపీ, టెంపరేచర్ రాయడం, యూరిన్ బ్యాగ్‌లో ఎంత వచ్చిందో కొలిచి చార్టులో వేయడం, ఇవే మన పనులు. చిన్న పనులే అనుకుంటారేమో, కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. తిప్పిన ప్రతిసారీ మడమలు, నడుం కింద తుంటి ఎముక దగ్గర చూడాలి, ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకుండా అలాగే ఉంటే వెంటనే నర్స్‌కి చెప్పాలి. మన రంగు ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, అందుకే వేడిగా ఉందా, గట్టిపడిందా అని తడిమి చూడాలి. డాక్టర్ ఉండేది కాసేపే, దీన్ని ముందు పసిగట్టేది మనమే. నేను ఇంకా ఇందులో ఉన్నది అందుకే, జీతం కోసమైతే కాదు.

నడుము పట్టేసింది:
పైవారు చెప్పింది నిజమే, రెండో వైపు నేను చెప్తా. నేను నడుము నొప్పితోనే మానేశాను. మనిషిని ఎత్తడం కాదు, జరపడం నేర్చుకోవాలి, దానికి స్లైడ్ షీట్, అంటే పేషెంటు కింద పరిచి జరపడానికి వాడే జారుడు గుడ్డ కావాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. నేను చేసిన చోట రెండూ ఉండేవి కావు. ఇక నైట్ డ్యూటీలు. క్యాన్సర్ మీద పరిశోధించే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2007లోనే నైట్ షిఫ్ట్ పనిని 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో పెట్టింది. భయపెట్టడానికి కాదు, నెల తర్వాత నిద్ర ఏ గతి పడుతుందో ముందే ఆలోచించుకోమని చెప్తున్నా. ఇంకోటి, ఆఫీసులో మిమ్మల్ని అండీ అంటారు, అక్కడ మీకంటే చిన్నవాళ్లు పేషెంట్ల ముందే కసురుతారు. బాస్ మీద విసుగుతో వస్తున్నట్టయితే రావద్దు, ఇక్కడ బాస్‌తో పాటు పేషెంటు బంధువులు కూడా ఉంటారు.

ఎక్సెల్ ఖైదీ:
విసుగు ఉంది, కాదనను, కానీ కారణం అదొక్కటే కాదు. వాసన సంగతేంటి? పరాయివాళ్లది భరించగలనా అన్నదే నా టెన్షన్.

సీనియర్ నర్స్:
వాసనకి కొన్ని వారాల్లో అలవాటు పడతారు. మధ్యాహ్నం అన్నం తినిపించిన మనిషి సాయంత్రం పోతే ఆ ఒళ్లు శుభ్రం చేసి, బట్టలు సరిచేసి, బయట ఏడుస్తున్నవాళ్లకి అప్పగించడం ఉందే, అది అందరివల్లా కాదు. అది తట్టుకోలేక మానేసినవాళ్లని చూశాను.

రాజీనామా ఇప్పుడే ఇవ్వకండి. సెలవు రోజుల్లో ఏదైనా వృద్ధాశ్రమంలో సాయం చేస్తానని అడగండి, ఊరికే కబుర్లు చెప్పి రావడం కాదు, పొద్దున స్నానాల వేళకి వెళ్లండి. హెపటైటిస్ బి టీకా ఈ వారమే మొదలుపెట్టండి, మామూలుగా మూడు డోసులు, పూర్తవడానికి ఆరు నెలలు. మరో మాట, అసిస్టెంట్‌గా ఎన్నేళ్లు చేసినా చాలాచోట్ల నర్సింగ్ కోర్సులో ఒక్క ఏడాది కూడా తగ్గించరు. నర్స్ కావడమే అసలు ఉద్దేశమైతే కాలేజీకి మీ అర్హత సరిపోతుందో ముందే కనుక్కోండి, లేకపోతే జీతమూ పోయి, కాలమూ పోతుంది.

ఎక్సెల్ ఖైదీ:
సోమవారం లెటర్ ఇచ్చేద్దామనుకున్నా, ఆపేశాను. స్లైడ్ షీట్లు ఉన్నాయా, తిప్పడానికి రెండో మనిషి ఉంటారా అని ఇంటర్వ్యూలో మొహం మీద అడిగితే ఏమైనా అనుకుంటారా?

నడుము పట్టేసింది:
అనుకోనివ్వండి. ఆ ప్రశ్నకి చిరాకు పడ్డారంటే అక్కడ చేరకండి.