చర్చ: వేసవిలో స్కీ రిసార్టులో తెలియని ట్రైల్స్. మొదటి రోజే అన్నీ చుట్టేయాలా, ఒకదాన్నే మళ్ళీ మళ్ళీ తొక్కాలా?

కిరణ్_పోర్ట్‌లాండ్:
అందరికీ నమస్కారం. ఆగస్టులో నలుగురం కలిసి మౌంటెన్ బైకులతో కెనడాలోని విస్లర్ స్కీ రిసార్టుకి వెళ్తున్నాం, మూడు రోజులు. చలికాలంలో స్కీయింగ్‌కి ఒకసారి వెళ్ళాను కానీ వేసవిలో ఇదే మొదటిసారి. మాలో ఇద్దరు "బండితో సహా కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ పాస్‌కి అంత డబ్బు పోశాక వీలైనన్ని ట్రైల్స్ చూడాల్సిందే" అంటున్నారు. మిగతా ఇద్దరం "మొదటి రోజు ఒకటి రెండు సులువైనవే తొక్కి, చెయ్యి తిరిగాక మిగతావి చూద్దాం" అంటున్నాం. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల అడవుల్లో నీలం గుర్తు, అంటే మధ్యస్థ స్థాయి ట్రైల్స్ మాకు బాగానే అలవాటు. అనుభవం ఉన్నవాళ్ళు ఏమంటారు?

వేణు_డెన్వర్:
మొదటి ఇద్దరి మాట విను తమ్ముడూ. ఆరేళ్ళుగా వేసవి వస్తే చాలు, శనాదివారాలు కొలరాడోలో ఏదో ఒక స్కీ కొండ మీదే ఉంటాను. కొత్త ట్రైల్‌లో మొదటిసారి దిగేటప్పుడు ఉండే చూపు రెండోసారికి ఉండదు. మలుపు అవతల ఏముందో తెలియదు కాబట్టి కళ్ళు దూరంగా వెతుకుతాయి, ఒళ్ళు దానంతట అదే సిద్ధంగా ఉంటుంది. ఒకే ట్రైల్‌ని పదిసార్లు తొక్కితే ఆ ట్రైల్ కంఠస్థం అవుతుంది కానీ బండి నడపడం రాదు. రంగులు చూసుకుని నీ స్థాయివి అన్నీ తొక్కెయ్. బోర్డులు పెట్టింది అందుకే.

సుధాకర్_సియాటిల్:
వేణు గారూ, "రంగులు చూసుకుని" అన్నారు చూడండి, నా అభ్యంతరం అక్కడే. సులువు నుంచి కష్టానికి ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నల్ల డైమండ్ అనే గుర్తులు ఆ కొండ మీద ఉన్న మిగతా ట్రైల్స్‌తో పోల్చి పెట్టేవి. ఒక ఊరి నీలం ఇంకో ఊరి నీలం కాదు. పైగా స్కీ రన్, అంటే మంచు మీద జారే వాలు రంగు వేరు, సైకిల్ ట్రైల్ రంగు వేరు. చలికాలంలో పిల్లలు జారే ఆకుపచ్చ రన్ పక్కనే వేసవిలో నల్ల డైమండ్ ట్రైల్ ఉండొచ్చు. ఆస్ట్రియా వెళ్తే స్కీ రన్లు నీలంతోనే మొదలవుతాయి, మధ్యలో ఎరుపు వస్తుంది.

కిరణ్ గారూ, విస్లర్‌లో క్రాంక్ ఇట్ అప్ అనే ట్రైల్ ఉంది. అదీ నీలమే. కానీ అది జంపుల ట్రైల్. వేళ్ళ మీదా రాళ్ళ మీదా తొక్కి అలవాటైన మీ నీలం అక్కడ ఎంతవరకు పనికొస్తుంది? బైక్ పార్కుల వాళ్ళే "ప్రీ-రైడ్, రీ-రైడ్, ఫ్రీ-రైడ్" అంటారు. ముందు మెల్లగా దిగి చూడు, మళ్ళీ దిగు, ఆ తర్వాతే వేగం.

చిన్నా_హైదరాబాద్:
మేము వారాంతాల్లో వికారాబాద్ అనంతగిరి వెళ్తాం. లిఫ్టూ లేదు, రంగులూ లేవు. తొక్కుకుంటూ ఎక్కిన దారినే దిగుతాం కాబట్టి ఏ గుంత ఎక్కడుందో ఎక్కేటప్పుడే చూసి ఉంటాం. లిఫ్ట్‌లో పైకి వెళ్తే ఆ చూసుకునే అవకాశం పోతుంది కదా అనిపించింది. అంతే.

హరిత_వాంకూవర్:
చిన్నా మంచి మాట చెప్పాడు, అసలు తేడా అదే. ఎక్కేటప్పుడు కాళ్ళు అలసిపోతాయి, దారి తెలుస్తుంది. లిఫ్ట్‌లో రెండూ ఉండవు. కాళ్ళు తాజాగా ఉంటాయి కాబట్టి ధైర్యం ఎక్కువ, దారి మాత్రం సున్నా.

కిరణ్, నేను విస్లర్‌కి ఏటా నాలుగైదు సార్లు వెళ్తాను. మొదటి దిగుడు ఈజీ డజ్ ఇట్, ఆకుపచ్చ. తర్వాత బీ-లైన్, నీలం. ఈ రెండింటిలోనే గట్టు కట్టిన మలుపుల్లో బండిని ఎలా వాల్చాలో తెలిసిపోతుంది. ఏ-లైన్ నల్ల డైమండ్, అందరూ ఫొటోలు పెట్టేది అదే. దాని జంపులు టేబుల్‌టాప్‌లు, అంటే ఎగిరే చోటికీ దిగే చోటికీ మధ్య ఖాళీ ఉండదు, మట్టి బల్లలా ఉంటుంది. తక్కువ ఎగిరితే బల్ల మీదే పడతావు. అయినా మొదటి రోజు వద్దు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. కాళ్ళకంటే ముందు చేతులు పోతాయి. ఆగస్టుకి దుమ్ము లేచి మలుపుల ముందు నేలంతా బ్రేకులు పట్టీ పట్టీ గతుకులైపోయి ఉంటుంది. మధ్యాహ్నానికి ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి, వేళ్ళు బ్రేక్ లీవర్‌ని సరిగ్గా పట్టవు. దెబ్బలు ఎక్కువగా "ఇంకొక్కసారి దిగి వెళ్దాం" అన్నప్పుడే తగలడం చూశాను. బ్రేకుల్ని అదే పనిగా రాస్తూ దిగొద్దు, కాగిపోయి పట్టు తప్పుతాయి. మలుపు ముందు గట్టిగా పట్టి వదిలెయ్యాలి. ముఖమంతా కప్పే హెల్మెట్ అక్కడే అద్దెకి తీసుకోండి. స్కీ రన్ల మీద గడ్డి మేస్తూ నల్ల ఎలుగుబంట్లు కనిపిస్తాయి. దూరంగా ఆగండి, ఫోన్ తీసి దగ్గరికి మాత్రం వెళ్ళకండి.

వేణు_డెన్వర్:
హరిత గారి వివరాలకి థాంక్స్. కానీ సుధాకర్ గారు నీలం మీద ఇంత పట్టు పట్టడం నాకు అర్థం కాలేదు. బాగా కట్టిన పార్కుల్లో ట్రైల్ మొదట్లోనే ఒక గట్టి డ్రాపో (అంచు నుంచి బండితో కిందికి దూకాల్సిన చోటు) రాళ్ళ గుట్టో పెడతారు. అది దాటగలిగితే కింద ఉన్నవీ దాటగలవు. దాటలేకపోతే అక్కడే పక్క దారి పట్టి వెనక్కి రావచ్చు. ట్రైల్ తనే చెబుతుంది నువ్వు రావాలో వద్దో. ఇంకా ముందు రోజు మ్యాప్ పట్టుకుని చదువుకోవడం ఎందుకు?

సుధాకర్_సియాటిల్:
అన్ని ట్రైల్స్‌కీ ఆ ఏర్పాటు ఉండదు. చేత్తో కొట్టిన పాత ట్రైల్స్‌లో అసలు కష్టం సగం దిగాక వస్తుంది. నా ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. ఒక చోట నీలం, ఇంకో చోట నీలం ఒకటేనా కాదా?

వేణు_డెన్వర్:
దాదాపు ఒకటే.

సుధాకర్_సియాటిల్:
దాదాపు అనే మాటలోనే కాలర్‌బోన్లు విరుగుతాయి.

ప్రసాద్_బే_ఏరియా:
రంగు సంగతి అలా ఉంచి ఎత్తు సంగతి కూడా చూడండి. కాలిఫోర్నియాలో మామత్ శిఖరం 11,053 అడుగులు. గొండోలాలో, అంటే తీగ మీద నడిచే మూసిన పెట్టెలో బండితో సహా నిమిషాల్లో పైకి తీసుకెళ్ళి దింపుతారు. దిగగానే తల దిమ్ముగా అనిపించింది నాకు. విస్లర్‌లో ఆ బాధ అంత లేదు. అన్నట్టు కెనడాలో మీ అమెరికా ఇన్సూరెన్స్ ఏం ఇస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. హెచ్1బీ మీద ఉండి నెలన్నర మంచం మీద పడితే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

వేణు_డెన్వర్:
ఇన్సూరెన్స్, ఎత్తు, రంగు, ఎలుగుబంటి... ఇలా అయితే ఇంట్లోనే కూర్చోవాలి. మన దగ్గర అసలు ఇబ్బంది ఇదే. ఏ కాలేజీలో చేరాలో ఒకరు చెప్పారు, ఏ కోర్సో ఒకరు చెప్పారు, ఏ దేశం వెళ్ళాలో ఒకరు చెప్పారు. నలభై ఏళ్ళకి మొదటిసారి ఏ దారిన పోవాలో నేనే తేల్చుకునే చోటు దొరికింది నాకు. అమెరికాలో ఈ కొండల్లో చాలావరకు ఫారెస్ట్ సర్వీస్ భూమి, అంటే ప్రజల భూమి. 1986 నాటి చట్టం స్కీయింగ్ గురించే మాట్లాడేది. 2011లో దాన్ని మార్చి వేసవి సైకిల్ పార్కులకీ దారి ఇచ్చారు. జనం వచ్చి తిరగాలనే కదా? ఇది నేను తేలిగ్గా అంటున్న మాట కాదు. ఆ కొండ మీద తెలియని మలుపు తిరిగినప్పుడు నాకు ప్రాణం లేచొస్తుంది.

సుధాకర్_సియాటిల్:
ప్రజల భూమి అయినా లిఫ్టులూ ట్రైల్సూ ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో రిసార్ట్ వాళ్ళే చూసుకుంటారు. మంచు కరిగే మే నెలలో మూసిన ట్రైల్ మీద తొక్కితే బురదలో పడిన చాళ్ళు ఎండకి గట్టిపడి వేసవంతా అలాగే ఉంటాయి. అప్పుడు పెట్రోల్ వాళ్ళు, అంటే గస్తీ తిరుగుతూ పడినవాళ్ళని చూసుకునే రిసార్ట్ సిబ్బంది కూడా కొండ మీద ఉండరు. పడితే చూసే దిక్కుండదు.

వేణు_డెన్వర్:
మూసిన వాటి గురించి నేను మాట్లాడలేదు. మాట ఎక్కడికో తీసుకెళ్తున్నారు. నిజం చెప్పాలంటే మీకు భయం, సుధాకర్ గారూ. ఆ భయానికి మ్యాప్ అని పేరు పెట్టారు.

హరిత_వాంకూవర్:
వేణు గారూ, ఆ మాట అవసరం లేదు.

సుధాకర్_సియాటిల్:
ఉండనివ్వండి హరిత గారూ. భయమేనని ఒప్పుకుంటాను. ఎందుకు వచ్చిందో కూడా చెబుతాను. ఇన్నాళ్ళూ ఇక్కడ రాయకూడదనుకున్నాను.

పోయిన ఏడాది జులై. కొలరాడోలో ఒక రిసార్ట్. మొత్తం అయిదుగురం. ముందు వెళ్ళేది వేణు గారు. మధ్యాహ్నం "ఎవరూ తొక్కని ట్రైల్ ఒకటి ఉంది, అటు పోదాం" అన్నారు. మ్యాప్ నా ఫోన్‌లో లేదు, ఆయన ఫోన్‌లో ఉంది. సగం దూరంలో నా వెనక టైర్ రాయికి తగిలి పక్కగోడ చీలింది. కేక వేశాను. ముందున్నవాళ్ళకి వినపడలేదు. ట్యూబ్ నా దగ్గరే ఉంది. చీలిక లోపల ఎనర్జీ బార్ రేపర్ మడిచి పెట్టి ట్యూబ్ వేశాను. గాలి కొట్టడానికి పంపు లేదు. పొద్దున పార్కింగ్‌లో "మీ సంచి బరువెక్కువగా ఉంది, పంపు నాకివ్వండి" అని వేణు గారే తీసుకున్నారు.

అక్కణ్ణుంచి బండి నెట్టుకుంటూ దిగాను. రెండు చోట్ల దారి చీలింది, రెండు చోట్లా బోర్డు లేదు. మబ్బులు వచ్చాయి. కొలరాడోలో జులై మధ్యాహ్నాలు ఉరుములు మామూలేనని తర్వాత తెలిసింది. చెట్లు దాటి స్కీ రన్ మీదకి వచ్చేసరికి లిఫ్ట్ ఆగిపోయి ఉంది. ఖాళీ కుర్చీలు గాలికి ఊగుతున్నాయి. వడగళ్ళు హెల్మెట్ మీద గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు. ఆ బోడి వాలు మీద, చేతిలో లోహపు బండితో, నాకంటే ఎత్తైనది ఏదీ లేదు. బండి పడేసి చెట్లలోకి పరిగెత్తి చిన్న చెట్ల మధ్య గొంతుక్కూర్చున్నాను. మా అమ్మాయికి ఆరేళ్ళు. ఆ గంటసేపు నాకు గుర్తొచ్చింది తనొక్కతే.

కిందికి చేరాక అందరూ టీ తాగుతున్నారు. వేణు గారు "ఏంటి ఇంత ఆలస్యం" అన్నారు.

నీలం, నలుపు, ఇవన్నీ పక్కన పెట్టండి. మీరు నా కోసం ఆగలేదు.

మోడరేటర్:
ఇద్దరూ ఒకరినొకరు ఎరిగినవారే కాబట్టి చర్చ తెరిచే ఉంచుతున్నాను. మాట జారకుండా చూసుకోండి.

వేణు_డెన్వర్:
రెండు గంటలుగా ఇది చదువుతూ కూర్చున్నాను.

సుధాకర్ గారూ, పంపు సంగతి ఇప్పుడే తెలిసింది. నా సంచిలో రెండు పంపులు ఉన్నాయని ఇంటికి వెళ్ళాక చూసుకున్నాను, ఒకటి మీదని తట్టలేదు. దారి చీలిన చోట మీరు ఎడమవైపు వెళ్ళారని మనవాళ్ళలో ఒకరు అన్నారు, నమ్మాను. కింద పావుగంట చూసి పైకి వద్దామంటే పిడుగులని లిఫ్ట్ ఆపేశారు. మీకు మెసేజ్ పెట్టాను, అది వెళ్ళలేదని సాయంత్రం చూశాను. పెట్రోల్ వాళ్ళకి చెప్పాల్సింది. చెప్పలేదు. అది నా తప్పు. "ఏంటి ఇంత ఆలస్యం" అన్నది మీరు క్షేమంగా కనపడ్డాక ఏం మాట్లాడాలో తెలియక. అది మీకు ఎలా వినపడి ఉంటుందో ఇప్పుడు అర్థమవుతోంది.

కానీ ఒక్క విషయంలో నా మాట మారదు. కొండ మీద ఎవరి దారి వాళ్ళే చూసుకోవాలి. ప్రతి చీలిక దగ్గరా ఆగుతూ పోతే, అందరూ వచ్చాకే కదలాలంటే, నేను వెళ్ళేది దేనికోసమో అది ఉండదు.

సుధాకర్_సియాటిల్:
అలా అయితే పొద్దునే చెప్పాలి. "నేను ఆగను" అని పార్కింగ్‌లో చెప్పి ఉంటే నా పంపు నా దగ్గరే ఉంచుకునేవాణ్ణి. మ్యాప్ దించుకునేవాణ్ణి. లేదా రానని చెప్పేవాణ్ణి. నలుగురితో కలిసి వెళ్తున్నానని నేను అనుకున్నాను. మీరు ఒంటరిగానే వెళ్ళారు, మేము వెనక వచ్చాం.

వేణు_డెన్వర్:
అది నిజం. పొద్దునే చెప్పాల్సింది.

ప్రసాద్_బే_ఏరియా:
మా గుంపులో అందరికంటే వెనక ఒకరు ఉండాలని నియమం. ఆ మనిషి కిందికి చేరితేనే మిగతావాళ్ళు లిఫ్ట్ ఎక్కుతారు. పార్కు పెట్రోల్ వాళ్ళు సాయంత్రం మూసే ముందు కొండంతా ఒకసారి దిగి చూస్తారు కానీ అది రోజు చివర్లో. మధ్యాహ్నం పడితే మనవాళ్ళే చూడాలి.

హరిత_వాంకూవర్:
నలుగురు వెళ్తే ఇద్దరిద్దరుగా విడిపోవడం ఇంకా మేలు, కిరణ్. తిరగాలనుకునే ఇద్దరూ తిరగండి, మెల్లగా తొక్కే ఇద్దరూ మెల్లగా తొక్కండి. ఎన్ని గంటలకి లిఫ్ట్ కింద కలుస్తారో చెప్పుకోండి. రాకపోతే ఎంతసేపు చూసి పెట్రోల్ వాళ్ళకి చెప్పాలో అది కూడా ముందే అనుకోండి. మేము పదిహేను నిమిషాలు పెట్టుకున్నాం.

కిరణ్_పోర్ట్‌లాండ్:
నేను అడిగింది ఒకటి, నాకు దొరికింది ఇంకొకటి. మా వాళ్ళకి ఈ థ్రెడ్ లింక్ పంపాను. తిరగాలనే ఇద్దరిలో ఒకడు మా బావమరిది. వాడి రాత్రి మెసేజ్: "నేను ఎవరి కోసమూ ఆగను, నా కోసమూ ఎవరూ ఆగొద్దు." వాడి భార్య, అంటే మా చెల్లి, ఆ మెసేజ్ చూసి నాకు ఫోన్ చేసింది. ఇంకా తేలలేదు.

వేణు_డెన్వర్:
ఆ మెసేజ్ నేను రాయగలిగినదే. మీ బావమరిదికి నా నంబర్ ఇవ్వండి కిరణ్. నేను మాట్లాడతాను.

సుధాకర్_సియాటిల్:
కిరణ్ గారూ, నలుగురి దగ్గరా ఎవరి పంపు వాళ్ళ దగ్గర ఉందో లేదో బయల్దేరే ముందు చూడండి. వేణు గారూ, నాది ఇంకా మీ దగ్గరే ఉంటే ఉంచండి. సెప్టెంబరులో డెన్వర్ పని మీద వస్తున్నాను, తీసుకుంటాను.