క్యాన్సర్ చికిత్స అయ్యాక అమ్మను బయట తిప్పడం (విజయవాడ)

ప్రశ్న: అమ్మకి రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయిపోయాయి. రిపోర్టులు బాగున్నాయి, మనిషి మాత్రం గది దాటి రావట్లేదు. ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎంతసేపు?

జవాబు 1: చదునైన చోట పది నిమిషాలతో మొదలుపెట్టండి. రాజీవ్ గాంధీ పార్కు నయం. ఇంద్రకీలాద్రి, ఉండవల్లి మెట్లు ఇప్పుడే వద్దు. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచితే చాలు. ఓపికున్న రోజు గంట తిప్పేస్తారు చాలామంది. మర్నాడు నీరసంతో మంచం దిగలేరు, దాంతో మనసూ కుంగుతుంది. ఎండాకాలం మన ఊరు 40 డిగ్రీలు దాటుతుంది, ఉదయం ఏడింటికల్లా ఇల్లు చేరాలి.

జవాబు 2: రేడియేషన్ ఇచ్చిన చోట కనీసం ఏడాది నేరుగా ఎండ తగలనివ్వకండి, నూలు పైట కప్పాలి. చంకలో గ్రంథులు తీసుంటే ఆ చేతికి గీతలు పడకూడదు, వాపు వస్తుంది. మొక్కల పనికి తొడుగులు తప్పనిసరి, అదీ తెల్ల రక్తకణాలు మామూలుకొచ్చాయని డాక్టరు చెప్పాకే. కీమో వల్ల పాదాలు తిమ్మిరిగా ఉంటే చెప్పులు జారతాయి, షూ వేయించండి. జ్వరం 100.4 దాటితే వెంటనే ఆసుపత్రికి.

జవాబు 3: చికిత్స ఆగాకే భయం ఎక్కువవడం మామూలేనండి. అన్నాళ్లూ చుట్టూ ఉన్న డాక్టర్లు, నర్సులు ఒక్కసారిగా దూరమవుతారు. పరీక్షల తేదీ దగ్గరపడితే ఇంకా పెరుగుతుంది. దయచేసి “ధైర్యంగా ఉండు” అనకండి, పక్కన నడవండి, మాట్లాడకపోయినా పర్లేదు. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే నడకతో సరిపెట్టకుండా మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.