వందేళ్ల దుంగల ఇంటి మీద కొత్తవాళ్ల చేత ఉలి పట్టించొచ్చా?

డెన్వర్_వాసు:
ఇక్కడ కొలరాడోలో హిస్టోరికోర్ అని ఒక సంస్థ ఉంది. పాడుబడిన దుంగల ఇళ్లు, పాత కట్టడాలు బాగుచేయడానికి మామూలు జనాన్ని వలంటీర్లుగా తీసుకుంటుంది. అనుభవం అక్కర్లేదు, పక్కన మేస్త్రీ ఉండి చూపిస్తాడు. వచ్చే వేసవిలో వెళ్దామనుకుంటుంటే మా ఆఫీసులో ఒకాయన "నీ ప్రాక్టీసుకి వందేళ్ల ఇల్లే దొరికిందా?" అన్నాడు. మీరేమంటారు?

బాడిస_బాబాయ్:
ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మూల దగ్గర రెండు దుంగలు కలిసే గాడి చూశావా? కోత బయటికి వాలుగా ఉంటే వాన నీళ్లు జారిపోతాయి. లోపలికి వాలిందా, మూల పుచ్చడం మొదలైనట్టే. పైనున్న బరువంతా దాని మీదే. ముందు కొత్త దుంగలు తెచ్చుకుని కోసి, పాడుచేసి నేర్చుకోండి. పాతదాని జోలికి తర్వాత పోవచ్చు.

శ్రీలత_కె:
బాబాయ్ గారూ, వెళ్లగానే ఎవరూ రంపం చేతికివ్వరండీ. ఇచ్చేది దబ్బనం లాంటి ఇనప మొన. పైకి రాయిలా కనిపించే దుంగలో గుచ్చితే ఒక్కోసారి పిడి దాకా దిగిపోతుంది, లోపలంతా పిండి. నేలకి ఆనిన అడుగు దుంగ, చూరు నీళ్లు చిమ్మే చోటు, కిటికీ కింద... ముందు చూడాల్సింది అక్కడే. ఇంకోటి, సందుల్లో పూర్వం మట్టో సున్నమో కూరేవాళ్లు. తర్వాత ఎవరో గట్టిగా ఉంటుందని సిమెంటు పెట్టారు. చెక్క ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. సిమెంటు కదలదు. మధ్యలో సన్నటి చీలిక పడి నీళ్లు దాని వెనక నిలుస్తాయి. ఇవన్నీ ప్రాక్టీసు దుంగ మీద ఎలా నేర్పిస్తారు? దానికి పుచ్చే లేదు కదా!

బాడిస_బాబాయ్:
సరే, గుచ్చి చూడ్డం వరకు ఒప్పుకుంటా. అడుగు దుంగ మార్చేటప్పుడో? జాకీలతో గోడంతా లేపాలి.

ఒనేగా_రవి:
రష్యాలో ఒనేగా సరస్సు మధ్య కిజి దీవిలో 1714 నాటి దుంగల చర్చి ఉంది. 22 గుమ్మటాలు, ఎత్తు దాదాపు 37 మీటర్లు. కూలిపోతుందని 1980ల్లో లోపల ఇనప చట్రం పెట్టారు. తర్వాత పైభాగాన్ని జాకీల మీద నిలబెట్టి, కింది వరస నుంచి అంచెలంచెలుగా దుంగలు తీసి, బాగుచేసి, మళ్లీ పేర్చారు. 2020కి పూర్తయింది. ఇప్పుడు అక్కడి మ్యూజియంలో చెక్క కట్టడాల పని నేర్పే కేంద్రం కూడా నడుస్తోంది. అసలు కట్టడం పక్కనే కదా విద్య నిలబడింది!

బాడిస_బాబాయ్:
రవీ, ఆ పని చేసింది వడ్రంగులయ్యా, సెలవు పెట్టుకొచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లు కాదు.

డెన్వర్_వాసు:
నన్నే అంటున్నారు, అర్థమైంది :) పుచ్చిన చోట గీకేసి ఎపాక్సీ (పోశాక రాయిలా గట్టిపడే జిగురు) పోస్తే గొడవే ఉండదుగా?

శ్రీలత_కె:
చిన్న లోపానికైతే ఫర్వాలేదు. తడి ఎక్కడి నుంచి వస్తుందో ఆపకుండా పోస్తే దాని వెనక మళ్లీ పుచ్చుతుంది, ఈసారి బయటికి కనపడదు కూడా. పుచ్చినంత మేర చెక్కేసి, అదే జాతి చెక్క ముక్క బిగిస్తే మిగతా పాత దుంగ దక్కుతుంది.

బాడిస_బాబాయ్:
ఈ మాట బాగుంది. వాసూ, పేరు ఇచ్చేముందు ఆ మేస్త్రీని రెండడుగు. విప్పేముందు ప్రతి దుంగకీ నంబరు వేసి ఫొటో తీస్తారా? కొత్త ముక్క వెనక సంవత్సరం చెక్కుతారా? రెండూ చేస్తామంటే వెళ్లు. నీళ్లు నమిలితే మాత్రం నేను మీ ఆఫీసాయన పక్షమే.